కారు కింద ఆ తడి ఎక్కడిది?

మీరు సైకిలు మీద జోరుగా పోతున్నారు. ఉన్నట్టుండి ఒక గేదె రోడ్డుకు అడ్డం వచ్చింది. ఏం చేస్తారు? చప్పున బ్రేకు పట్టేస్తారు. మీ వేళ్ల బలం ఇనప కడ్డీల ద్వారానో, తీగ ద్వారానో చక్రం దాకా పోయి, రబ్బరు దిమ్మలను రిమ్ముకు అదిమిపెడుతుంది. సైకిలు ఆగుతుంది. గేదె మీ వంక ఓసారి చూసి తన దారిన తాను పోతుంది.

మరి కారు సంగతి? చిన్న కారయినా ముప్పాతిక టన్ను బరువుంటుంది. దాన్ని ఆపేది కూడా ఒక మనిషి కాలే. కాని ఆ కాలి బలాన్ని చక్రాలకు చేరవేసేది కడ్డీ కాదు, తీగ కాదు. సన్నని గొట్టాల్లో నిండి ఉన్న కాసింత ద్రవం! ఆ ద్రవం ఎక్కడో ఒక చోట చుక్కచుక్కగా కారిపోతున్నదనుకోండి. అప్పుడేమవుతుంది? ఎక్కడ కారుతున్నదో ఎలా పట్టుకోవాలి? పట్టుకున్నాక ఎలా బాగుచెయ్యాలి? ఒక పాత కారును ముందు పెట్టుకుని ఈ సంగతులు తెలుసుకుందాం.

మనం చూడబోయే కారు పేరు మోరిస్ మైనర్. అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరు దీని రూపశిల్పి. 1948లో లండన్‌లో జరిగిన కార్ల ప్రదర్శనలో ఇది మొదటిసారి జనం కంటబడింది. 1960 డిసెంబరు నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. ఒకే రకం కారు పది లక్షలు తయారవడం బ్రిటన్‌లో అదే మొదలు. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల తొలి రోజుల్లో ఈ కారునే ‘బేబీ హిందుస్థాన్’ అనే పేరుతో అమ్మారు. మీ తాతగారికి బాగా తెలిసిన అంబాసిడర్ కారు దీనికి వరసకు అన్న అవుతుంది. అది కూడా మోరిస్ వారి ఆక్స్‌ఫర్డ్ అనే కారు నుంచి పుట్టిందే. మోరిస్ మైనర్ల తయారీ 1970ల మొదట్లోనే ఆగిపోయింది. అయినా బ్రిటన్‌లో ఎందరో వాటిని ముచ్చటగా దాచుకుని ఇప్పటికీ నడుపుతున్నారు.

కాలి బలం చక్రానికి ఎలా చేరుతుంది?

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మూసి ఉన్న పాత్రలోని ద్రవాన్ని ఒక చోట నొక్కితే, ఆ పీడనం ఏమాత్రం తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని ఆయన చెప్పాడు. ఆయన 1662లో చనిపోయాడు. ద్రవాల గురించి ఆయన రాసిన పుస్తకం ఆ మరుసటి ఏడు అచ్చయింది. కారు బ్రేకులన్నీ ఆ ఒక్క సూత్రం మీదనే నడుస్తున్నాయి.

మోరిస్ మైనర్‌లో డ్రైవరు పాదాల కింద, కారు నేలరేకుకు దిగువన ఒక చిన్న ఇనప సిలిండర్ ఉంటుంది. దీన్ని మాస్టర్ సిలిండర్ అంటారు. పేరుకు తగ్గట్టు బ్రేకులన్నిటికీ ఇదే పెద్ద. డ్రైవరు పెడల్ తొక్కగానే ఇందులో పిస్టన్ ముందుకు జరిగి ద్రవాన్ని నొక్కుతుంది. ఆ పీడనం సన్నని ఉక్కు గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ పోతుంది. చక్రాల దగ్గర మరికొన్ని చిన్న సిలిండర్లు ఉంటాయి. వీటిని వీల్ సిలిండర్లు అంటారు. ముందు చక్రాలకు రెండేసి, వెనుక చక్రాలకు ఒక్కొక్కటి, మొత్తం ఆరు. వాటిలోని పిస్టన్లు బయటికి జరిగి, నెలవంక ఆకారంలో ఉండే బ్రేక్ షూలను గిర్రున తిరుగుతున్న డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తుతాయి. రాపిడి పుడుతుంది. కారు ఆగుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. డ్రైవరు పెడల్‌ను 20 కిలోల బలంతో తొక్కాడనుకోండి. పెడల్ ఒక తులాదండం లాంటిది. అది ఆ బలాన్ని అయిదింతలు చేసిందనుకుందాం. అంటే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 100 కిలోల బలం. పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లయితే, ద్రవంలో పీడనం చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు. కారు టైరులో గాలి పీడనం మామూలుగా 2 కిలోలే ఉంటుంది. అంటే ఇది దానికి పన్నెండింతల పైమాట! ఇంత పీడనం గొట్టాల్లో ప్రతి అంగుళాన్నీ, ప్రతి అతుకునూ, ప్రతి రబ్బరు ముక్కనూ ఒకేసారి తోస్తుంది.

లెక్కలో రెండో సగం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ పిస్టన్ ఈ కొస నుంచి ఆ కొసకు 3 సెంటీమీటర్లు జరుగుతుందనుకుంటే, అది నెట్టే ద్రవం ఎంత? 4ను 3తో గుణించండి. 12 ఘన సెంటీమీటర్లు. రెండున్నర టీస్పూన్లు కూడా కాదు! ముప్పాతిక టన్ను కారు ఆగడం ఆ కాస్త ద్రవం మీద ఆధారపడి ఉంది. అందులో ఒక్కొక్క స్పూనూ కారిపోతూ ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

చేసి చూడండి

మందుల దుకాణంలో సూదిలేని కొత్త సిరంజిలు రెండు కొనండి. ఒకటి 5 మిల్లీలీటర్లది, ఒకటి 20 మిల్లీలీటర్లది. వాటి మూతులకు బిగుతుగా పట్టే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒక జానెడు ముక్క తీసుకోండి. బేసిన్‌లో నీళ్లు పోసి, నీటిలో ముంచి ఉంచే సిరంజిలనూ గొట్టాన్నీ నింపి కలపండి. లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు.

ఇప్పుడు చిన్న సిరంజిని నొక్కండి. పెద్దది వెంటనే కదులుతుంది. పెద్ద సిరంజిని మీ స్నేహితుణ్ని బొటనవేలితో ఆపమనండి. మీరు చిన్నదాన్ని నొక్కి చూడండి. అతను ఎంత బలంగా పట్టుకున్నా మీదే గెలుపు! ఎందుకంటే పీడనం రెండు చోట్లా ఒకటే. పెద్ద పిస్టన్‌కు వైశాల్యం ఎక్కువ కనుక దాని మీద బలం కూడా ఎక్కువ.

రెండోసారి, గొట్టంలోకి కావాలని ఒక గాలి బుడగను రానిచ్చి నొక్కండి. వేలి కింద మెత్తగా, స్పంజిని నొక్కినట్టు ఉంటుంది. మీ బలంలో కొంత బుడగను కుదించడానికే సరిపోతుంది. మూడోసారి, బుడగలు తీసేసి, గొట్టాన్ని ఒక చివర కొద్దిగా వదులు చేసి నొక్కండి. అతుకు దగ్గర నీరు చిమ్ముతుంది. మీరు ఎంత నొక్కినా పిస్టన్ కిందికి పోతూనే ఉంటుంది. రెండో సిరంజి కదలనే కదలదు.

బ్రేకులకు వచ్చే ముఖ్యమైన జబ్బులు రెండూ మీరు ఇప్పుడే చూశారు. ఒకటి గాలి చేరడం, రెండోది ద్రవం కారడం.

బ్రేకుల్లో ఆముదం!

ఇంతకీ ఆ ద్రవం ఏమిటి? నీళ్లు పోస్తే సరిపోదా? సరిపోదు. నీరు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. చలిదేశాల్లో గడ్డ కడుతుంది. బ్రేకు వేడికి మరుగుతుంది. పోనీ ఇంజను ఆయిల్ పోస్తే? అది ఇంకా ప్రమాదం. సిలిండర్లలో పిస్టన్ల వెంట రబ్బరు కప్పులు ఉంటాయి. పెట్రోలియం నూనెలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి పాడయిపోతుంది.

అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ఇలాంటి బ్రేకులకు 1917లో పేటెంటు తీసుకున్నాడు. లాక్‌హీడ్ విమానాల పేరు విన్నారా? ఆ కుటుంబం వాడే. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే కారు నాలుగు చక్రాలకూ ద్రవం బ్రేకులతో బజారుకు వచ్చింది. ఆ తొలినాళ్లలో బ్రేకుల్లో పోసిన ద్రవాల్లో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? ఆముదం! చిక్కటి ఆముదంలో ఆల్కహాలు కలిపి పలచన చేసేవారు. ఆముదం రబ్బరును పాడుచెయ్యదు, పిస్టన్ జారడానికి తగిన జిడ్డునూ ఇస్తుంది. మన తెలుగునాట మెట్టచేలలో పండే ఆముదపు గింజ కార్లను ఆపడానికి పనికివచ్చిందన్నమాట.

రబ్బరు సంగతి నమ్మకం కుదరకపోతే, పెద్దవాళ్లు దగ్గరుండగా చిన్న పరీక్ష చెయ్యండి. బెలూను నుంచి ఒకే కొలతగల రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి ఆముదంలో, ఒకటి డీజిల్‌లో వెయ్యండి. మర్నాడు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. డీజిల్‌లో వేసిన ముక్క ఉబ్బి పెద్దదై ఉంటుంది.

ఇప్పటి బ్రేకు ద్రవాల్లో ఎక్కువ భాగం గ్లైకాల్ జాతి రసాయనాలు. మన మెకానిక్కులు దీన్ని ‘బ్రేక్ ఆయిల్’ అంటారు. కాని ఇది నూనె కాదు. నూనె నీటిలో కలవదు, ఇది కలుస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. కాసేపట్లో మనకు పనికివస్తుంది.

రోగ లక్షణాలు

ఇప్పుడు మన మోరిస్ మైనర్ షెడ్డుకు వచ్చిందనుకుందాం. డాక్టరుగారు మందు రాసే ముందు నాడి చూసినట్టే, మంచి మెకానిక్ కూడా స్పానరు పట్టే ముందు పెడల్ తొక్కి చూస్తాడు.

పెడల్ మెత్తగా స్పంజిలా ఉందా? లోపల గాలి చేరింది. సిరంజిలోని బుడగ గుర్తుందిగా!

పెడల్ బాగా కిందికి పోయాక గాని బ్రేకు పట్టడం లేదా? రెండు కారణాలు ఉండవచ్చు. ద్రవం తగ్గి ఉండవచ్చు. లేదా షూలు అరిగి డ్రమ్ముకు దూరమై ఉండవచ్చు. ఈ కారులో షూల దూరాన్ని చేతితో సరిచెయ్యాలి. ద్రవం మట్టం సరిగానే ఉంటే ముందు ఆ దూరం చూడాలి.

పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి ఉంచితే మెల్లమెల్లగా కిందికి దిగిపోతున్నదా? ఎక్కడో పీడనం తప్పించుకుంటున్నది. బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పును అనుమానించాలి. ద్రవం బయటికి పోకుండానే, కప్పు అంచు మీదుగా వెనక్కు జారుకుంటున్నదన్నమాట.

బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగుతున్నదా? ఒక చక్రం బాగా పట్టి, దానికి ఎదుటిది సరిగా పట్టనప్పుడు ఇలా జరుగుతుంది. షూ మీద ద్రవం పడి జారుడుగా మారి ఉండవచ్చు.

ఇక ద్రవం మట్టం చూడాలి. ఈ కారులో ద్రవం పోసే మూత నేలరేకు కింద ఉంటుంది. తివాచీ ఎత్తితే గాని కనిపించదు. కంటికి కనిపించనిది మనిషి మరిచిపోవడం సహజం. అందుకే ఈ కార్లలో ద్రవం తగ్గిన సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మూత తీసేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని శుభ్రంగా తుడవాలి. ఒక ఇసుక రేణువు లోపల పడ్డా చాలు, రబ్బరు కప్పును గీరి కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది.

షూలు అరిగేకొద్దీ వీల్ సిలిండర్ల పిస్టన్లు కొద్దిగా బయటికి జరిగి నిలుస్తాయి కనుక, నెలల తరబడి మట్టం కాస్త తగ్గడం వింత కాదు. కాని మొన్న నింపితే ఇవాళ తగ్గిందంటే అర్థం ఒకటే. కారుతున్నది!

చుక్కకు పరీక్ష

పాత కారు కింద తడి కనిపించడం కొత్తేమీ కాదు. అది ఇంజను ఆయిల్ కావచ్చు, రేడియేటరు నీరు కావచ్చు, వెనుక ఇరుసులోని గేర్ ఆయిల్ కావచ్చు. ఎలా తేల్చుకోవాలి?

రాత్రి కారు కింద తెల్లటి అట్టముక్కలు పరచి పొద్దున చూస్తే చుక్కలు ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది. వాడిన ఇంజను ఆయిల్ నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకపు వాసనతో ఉంటుంది. బ్రేకు ద్రవం పలచగా, లేత పసుపు రంగులో ఉంటుంది. పాతదైతే గోధుమరంగుకు మారుతుంది. అయినా రంగును పూర్తిగా నమ్మలేం. దుమ్ము కలిస్తే అన్నీ ఒకే రంగు!

అప్పుడు నీటి పరీక్ష చెయ్యాలి. గాజుగ్లాసులో నీరు పోసి, ఆ తడిని ఒక చుక్క అందులో వెయ్యాలి. పైన రంగురంగుల పొరగా తేలితే నూనె. నీటిలో కలిసిపోతే బ్రేకు ద్రవం. ఎంత సులువో చూశారా? ఈ పరీక్ష మోరిస్ మైనర్ వెనుక చక్రాల దగ్గర బాగా అక్కరకు వస్తుంది. ఎందుకంటే అక్కడ డ్రమ్ము లోపల తడి చేసే దొంగలు ఇద్దరు. వీల్ సిలిండర్ నుంచి బ్రేకు ద్రవం రావచ్చు, ఇరుసు సీలు నుంచి గేర్ ఆయిల్ రావచ్చు. తడి ఒకేలా ఉంటుంది, మరమ్మతు మాత్రం వేరు. దొంగ ఎవరో తేల్చకుండా వీల్ సిలిండర్ మార్చేస్తే, డబ్బు పోతుంది, తడి మాత్రం పోదు.

దొంగ జాడ

చుక్క పడిన చోటే కారుతున్న చోటు అనుకోకూడదు. పెంకుటింటి కప్పు కురిసినప్పుడు చూడండి. నీళ్లు పడేది ఒక చోట, పెంకు పగిలింది వేరొక చోట! ద్రవం కూడా గొట్టం వెంట జారి, వంపు దగ్గరకు వచ్చాక కింద పడుతుంది. మాస్టర్ సిలిండర్ కారితే ద్రవం కారు అడుగున ఉన్న పెట్టెలాంటి దూలంలోకి చేరి, అక్కణ్నుంచి ఎక్కడో బయటపడవచ్చు.

కనుక మెకానిక్ ముందు అన్నిటినీ పొడిగుడ్డతో తుడుస్తాడు. తర్వాత ఒకరు పెడల్‌ను గట్టిగా తొక్కిపడతారు. ఇంకొకరు టార్చిలైటుతో వెతుకుతారు. కొత్తగా తడి ఊరిన చోట్లలో అన్నిటికంటె ఎత్తున ఉన్నదే అసలు చోటు.

వెతకవలసినవి నాలుగు రకాలు. మొదటిది ఉక్కు గొట్టాలు. వాన నీరు, బురద తగిలి ఇవి పైనుంచి తుప్పు పడతాయి. రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే బ్రిటన్ లాంటి దేశాల్లో ఇది మరీ ఎక్కువ. రెండోది రబ్బరు గొట్టాలు. చక్రాలు పైకీ కిందికీ ఊగుతాయి గనుక ఆ చోట్ల వంగే గొట్టాలు వాడతారు. ఈ కారులో ముందు రెండు, వెనుక ఒకటి ఉంటాయి. వీటిని వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. మూడోది మాస్టర్ సిలిండర్. నాలుగోది వీల్ సిలిండర్లు.

మన కారులో వెనుక ఎడమ చక్రం లోపలి వైపున రేకు అడుగు తడిగా ఉందనుకుందాం. ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, కారును జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, డ్రమ్మును ఊడదీశారు. కేవలం జాకీ మీద నిలిచిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని గాలితో గాని ఊదకూడదు. పాతకాలపు షూల పట్టీల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మహా ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి తియ్యాలి.

వీల్ సిలిండర్ చివర ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దాని అంచును మెల్లగా మడిచి చూస్తే లోపల ద్రవం నిలిచి ఉంది. గ్లాసులో వేసిన చుక్క నీటిలో కలిసిపోయింది. దొంగ దొరికాడు!

అసలు నేరం ఎవరిది?

సిలిండర్‌ను విప్పి చూద్దాం. లోపల పిస్టన్‌తో పాటు ఒక చిన్న రబ్బరు కప్పు ఉంటుంది. సైకిలు పంపు లోపలి తోలు వాషరును మీరు చూసే ఉంటారు. ఇది అచ్చం అలాంటిదే. కప్పు బోర్లించినట్టుగా దాని అంచు పీడనం వచ్చే వైపు తిరిగి ఉంటుంది. పీడనం పెరిగినకొద్దీ అంచు విచ్చుకుని సిలిండర్ గోడకు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. తోసే బలమే దారిని మూసేస్తుందన్నమాట! అందుకే ఈ కప్పును తిరగేసి పెడితే ఎందుకూ పనికిరాదు.

ఇంత తెలివైన ఏర్పాటు ఎందుకు కారింది? సిలిండర్ గోడను వెలుగులో చూడండి. అద్దంలా ఉండవలసిన చోట చిన్నచిన్న తుప్పు గుంటలు. బయటికి చుక్క నీరు పోని మూసిన సిలిండర్‌లో తుప్పు ఎలా వచ్చింది?

ద్రవమే తెచ్చింది! వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లడం చూశారుగా? గ్లైకాల్ ద్రవం కూడా అలాగే గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ నీరు పెరిగి ఇనుమును తినేస్తుంది. ముఖ్యంగా కారును నెలల తరబడి కదపకుండా ఉంచినప్పుడు పిస్టన్ నిలిచిన చోటనే తుప్పు పడుతుంది. మళ్లీ కారు తీసి బ్రేకు తొక్కగానే రబ్బరు కప్పు ఆ గుంటల మీద రాసుకుని అంచు తెగుతుంది.

నీటి వల్ల ఇంకో ముప్పు కూడా ఉంది. ‘డాట్ 4’ రకం కొత్త ద్రవం కనీసం 230 సెంటీగ్రేడ్ డిగ్రీల దాకా మరగకూడదని నిబంధన. తేమ పీల్చుకున్న ద్రవానికి ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాటు రోడ్డు దిగుతూ మాటిమాటికీ బ్రేకు వేస్తే డ్రమ్ములు కాలిపోతాయి. ఆ వేడికి పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ ఉంటే ఏమవుతుందో సిరంజి మీకు చెప్పింది.

వైద్యం

గుంటలు పడిన సిలిండర్‌లో కొత్త రబ్బరు కప్పు మాత్రం వేస్తే? కొన్ని రోజులు బాగుంటుంది. తర్వాత ఆ గుంటలే కొత్త కప్పును కూడా కోసేస్తాయి. కనుక సిలిండర్‌నే మార్చాలి. ఒక పక్క మార్చినప్పుడు ఎదుటి పక్క కూడా విప్పి చూడాలి. రెండింటి వయసూ ఒకటే, తాగిన నీరూ ఒకటే! ద్రవంలో తడిసిన షూలను కడిగి మళ్లీ వాడకూడదు. అది లోపలికి ఇంకి ఉంటుంది, వేడెక్కినప్పుడు మళ్లీ పైకి ఊరుతుంది. రెండు వెనుక చక్రాల షూలనూ కలిపి మార్చాలి. లేకపోతే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పట్టి కారు పక్కకు లాగుతుంది.

గొట్టం విప్పగానే గాలి లోపలికి పోతుంది. దాన్ని బయటికి పంపడాన్ని బ్లీడింగ్ అంటారు. దీనికి ఇద్దరు కావాలి. ప్రతి చక్రం దగ్గరా ఒక చిన్న నిపిల్ ఉంటుంది. దానికి సన్నని గొట్టం తొడిగి, రెండో చివరను కొంచెం ద్రవం పోసిన గాజుసీసాలో ముంచుతారు. చక్రం దగ్గరి మనిషి “తొక్కు” అంటాడు. కారులోని మనిషి తొక్కుతాడు. నిపిల్ వదులు చేస్తే బుడగలు గుడగుడమని వస్తాయి. పెడల్ కిందికి పోగానే నిపిల్ బిగించి “వదులు” అంటాడు. బిగించకముందే పెడల్ వదిలితే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది! సీసాలో బుడగలు ఆగేదాకా ఇలా చేస్తారు. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటె దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మధ్యమధ్య పైన ద్రవం నింపుతూ ఉండాలి. సీసాలోకి వచ్చిన పాత ద్రవాన్ని మళ్లీ వాడకూడదు. ఈ ద్రవం పడితే కారు రంగు లేచిపోతుంది. కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడుక్కోవాలి.

చివరగా పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టి, విప్పిన ప్రతి అతుకునూ చూడాలి. పెడల్ రాయిలా నిలవాలి. తర్వాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూడాలి. మర్నాడు మరోసారి తడి ఉందేమో, మట్టం తగ్గిందేమో చూసుకోవాలి. అప్పుడు గాని రోగి ఇంటికి పోరాదు!

ఇదంతా పెద్దవాళ్లూ, పని తెలిసిన మెకానిక్కులూ చెయ్యవలసిన పని. మీ వంతు సిరంజిలూ, గ్లాసు నీళ్లూ.

నింపితే చాలదా?

ఇంత తంటా ఎందుకు, తగ్గినప్పుడల్లా కాస్త నింపుకుంటే పోలేదా అని కొందరు అంటారు. అక్కడే ప్రాణాపాయం పొంచి ఉంది. ఈ కారులో నాలుగు చక్రాలకూ దారి ఒక్కటే. ఒక్క చోట రబ్బరు అంచు పూర్తిగా తెగితే, ఆ ఒక్క చక్రానికే కాదు, నాలుగింటికీ ఒకేసారి బ్రేకు పోతుంది. పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్నాడు కదా పాస్కల్! తప్పించుకునే దారి దొరికితే అది అన్ని వైపులా సమానంగానే పడిపోతుంది. ఇక మిగిలేది తీగతో పనిచేసే చేతిబ్రేకు ఒక్కటే. అది వెనుక చక్రాలను మాత్రం పట్టుకుంటుంది. పోస్తూ పోవడం వల్ల చుక్కలు కనిపించకుండా ఉంటాయే గాని, తెగబోతున్న రబ్బరు అతుక్కోదు.

ఈ అపాయాన్ని చూసే ఇంజనీర్లు దారిని రెండుగా చీల్చారు. మాస్టర్ సిలిండర్‌లో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పిస్టన్లు పెట్టారు. ఒక దారిలో ద్రవమంతా పోయినా రెండో దారి రెండు చక్రాలనైనా ఆపుతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. ఇప్పటి కార్లన్నీ ఇలాంటివే. పాత మోరిస్ మైనర్‌కు ఆ రెండో అవకాశం లేదు. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కార్లలో చాలావాటికి 2018 నుంచి ఏటేటా ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి కాకుండా పోయింది కూడా. కనుక అక్కడ వాటిని నడిపేవారు తామే కళ్లు తెరుచుకుని ఉండాలి.

మీ ఇంట్లో మోరిస్ మైనర్ లేకపోవచ్చు. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్న మోటారు సైకిలు ఉందా? హ్యాండిల్ మీద కుడివైపున చిన్న డబ్బా, దానికి గుండ్రని కిటికీ ఉంటాయి చూడండి. అందులో కనిపించేది ఈ ద్రవమే. బండిని నిటారుగా నిలబెట్టి చూడండి. మట్టం గీత కంటె కిందికి ఉందా? ద్రవం నల్లబడి ఉందా? ఉంటే నాన్నగారికి చెప్పండి. “కొంచెం పోయించుకుంటాలే” అని ఆయన అంటే, “ఎందుకు తగ్గిందో కూడా చూపించండి” అని అడగండి.